వేపమండలు కట్టిన ఇల్లు

"చిన్నప్పుడు నీకు అమ్మవారు పోసిందా?" అని అడిగింది చౌడేశ్వరి.

"లేదత్తయ్యా" అంది కోడలు సుష్మ.

అంతే, అత్త మొహం మారిపోయింది. గుమ్మానికి కడుతున్న వేపమండల్ని కింద పడేసింది.

"అయితే లే. బట్టలు సర్దుకో. మీ అక్క దగ్గరికి రేపల్లె పోదువుగాని."

లోపల గదిలో మరిది కూతురు చిట్టి ఒళ్ళంతా నీటి పొక్కులతో మూలుగుతోంది. నిన్న సాయంత్రం దాకా ఆ పిల్ల సుష్మ ఒళ్ళోనే ఉంది. వెళ్ళేముందు ఒక్కసారి చూద్దామని సుష్మ గడప దాటబోయింది.

"ఆగక్కడ!"

ఆ కేక బాపట్ల నేత వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినపడింది. పుట్టిన దగ్గర్నుంచీ మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన గొంతు అది. మెల్లగా మాట్లాడటం దానికి చేతకాదు.

ఎదురింటావిడ పని మానుకుని మరీ బయటికొచ్చింది. "ఏంటొదినా, ఏమైంది?"

"అమ్మవారున్న ఇల్లు కదమ్మా! మైల మనిషి ఉండకూడదు. అమ్మవారు దిగిందాకా ఇది ఈ గడప తొక్కకూడదు."

ఎదురింటావిడ తలూపింది. వీధిలో ఎవరికీ ఆ మాట వింతగా తోచలేదు. అర్థం కానిది సుష్మకొక్కదానికే. తనిప్పుడు మైలలో లేదు. ఆ సంగతి అత్తకూ తెలుసు. మరి దేన్ని మైల అంటోంది?

మొగుడు గిరిబాబు పోయి రెండేళ్ళు. టీబీతో పోయాడని ఊరంతా అనుకుంది. ఆ తర్వాత సుష్మ గుంటూరు వెళ్ళి రక్తపరీక్ష చేయించుకుంటే హెచ్ఐవి ఉందన్నారు. ఆ మాట తోడబుట్టిన అక్కకు కూడా చెప్పుకోలేదు. మాత్రలు రవికల మడతల్లో దాచుకుని, ఎవరూ చూడకుండా మింగుతోంది.

అత్త కనిపెట్టేసిందేమోనన్న భయం మాత్రం ఆమెను ఒక్కపూటా వదల్లేదు. కనిపెట్టకపోతే ఆ చేష్టలేంటి? ఇంటిల్లిపాదీ ఒకే బిందెలో నీళ్ళు ముంచుకుంటుంటే సుష్మకు మాత్రం వేరే కూజా. పొద్దున్నే అందరూ చద్దన్నం తింటుంటే ఆమెకు విడిగా ఓ గిన్నెలో వేడన్నం. మామ జమలయ్యకు దగ్గు మొదలైన రోజే సుష్మ పక్క తీసుకెళ్ళి వసారాలో వేసింది. కోళ్ళగూడు వైపు వెళ్ళనివ్వదు. బడిలో కామెర్ల టీకాలు వేస్తుంటే, ఇంట్లో అంతమంది ఉండగా సుష్మనొక్కదాన్నే రెక్క పట్టుకుని లాక్కెళ్ళి సూది వేయించింది. నలుగురూ చూస్తుంటే ఆ రోజు సుష్మ సిగ్గుతో చచ్చిపోయింది.

ఇప్పుడింకో భయం పట్టుకుంది. పిల్లకి పొక్కులు తన వల్లే లేచాయని అత్త అనుకుంటోందా? నిజంగా తన వల్లే లేచాయా? 

ఇద్దరూ రైలెక్కారు. ఎదురు సీట్లో ఎవరో తెరలు తెరలుగా దగ్గేసరికి చౌడేశ్వరి కోడల్ని లేపి తలుపు దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టింది. నలుగురి మధ్యా కూర్చోడానికి కూడా పనికిరాకుండా పోయానా అని సుష్మ లోలోపల ఏడ్చింది.

తెనాలిలో దిగారు. రేపల్లె ప్యాసింజరు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

"అత్తయ్యా, మన బండి అదిగో."

"దాని సంగతి తర్వాత. ముందు నడువు."

మణికట్టు పట్టుకుని స్టేషన్ బయటికి తీసుకెళ్ళి రిక్షా ఎక్కించింది. ఎక్కడికని అడిగే ధైర్యం సుష్మకు లేదు. ఇలాంటివాళ్ళని తీసుకెళ్ళి వదిలేసే చోట్లుంటాయని ఎవరో చెప్పుకుంటుంటే విన్నది. అక్కడ వదిలేస్తే అక్కకు కబురైనా అందుతుందో లేదో.

రిక్షా ఓ చిన్న ఆసుపత్రి ముందు ఆగింది. గోడమీద గుంటూరులో చూసిన బొమ్మే, ఎర్ర రిబ్బను.  ఇంకేం మిగిలింది? అంతా తెలిసిపోయింది.

"లోపలికి పో. పిల్ల సంగతి డాక్టరుగారికి ఫోన్లో చెప్పా. నేనిక్కడే ఉంటా" అని చౌడేశ్వరి అరుగు మీద చతికిలబడింది.

డాక్టర్ బర్నబాస్ తలనెరిసిన మనిషి. సుష్మ చేతులూ మెడా వీపూ జాగ్రత్తగా చూశాడు. ఆయన నోరు తెరవకముందే సుష్మ భోరుమంది.

"సార్, ఆ పిల్లకి నా వల్లే వచ్చిందాండి? నన్ను ఇంట్లోంచి గెంటెయ్యొద్దని మా అత్తయ్యకి చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ ఇల్లు తప్ప నాకింకో దిక్కు లేదండి."

"ఆ పిల్లకి వచ్చింది ఆటలమ్మ. అది నీ వల్ల రాదమ్మా" అన్నాడు డాక్టరు. "పిల్ల నుంచి నీకొస్తేనే ప్రమాదం. నీ ఒంటికి తట్టుకునే శక్తి తక్కువ. ప్రాణం మీదికి రావచ్చు. ఇంకా పొక్కులేం లేవలేదు, త్వరగానే వచ్చారు. రక్తంలో బలం ఎంతుందో చూసి, సరిపడా ఉంటే టీకా వేద్దాం. లేదంటే మందులిస్తాను. పిల్లకి పూర్తిగా తగ్గేవరకూ ఆ ఇంటికి వెళ్ళకు."

"తగ్గాక మాత్రం రానిస్తుందాండి మా అత్తయ్య? నేనంటేనే అసహ్యం ఆవిడకి."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"మీ ఆయన పోయేముందు తనకున్న జబ్బు నీకూ అంటి ఉంటుందని తల్లికి చెప్పాడమ్మా. పెద్దకర్మ అయిన మర్నాడే ఆవిడ ఇక్కడికొచ్చి, 'నా కోడలికి ఎవరి జబ్బూ అంటకుండా ఇంట్లో నేనేం చెయ్యాలో చెప్పండి బాబూ' అని అడిగారు."