తూటా బొక్క

చిరుగు కనిపించకుండా రఫు చేయడమే కదా పనితనం, మరి ఈ సార్జెంటు ముఖం ఎందుకలా అయిపోయింది? కువైట్‌లోని అమెరికా సైనిక శిబిరంలో దర్జీగా ఉన్న ఖలీల్‌కు అర్థం కాలేదు.

"జెండా అంచు కుట్టమంటే బొక్క ఎవురు పూడ్చమన్నారు బాయ్?" కౌంటర్లో ఉన్న నాగేంద్ర గొంతు తగ్గించాడు. "గుర్రాల కాలం నుంచి ఉన్న దళమంట ఈళ్లది. ఇక్కడి యుద్ధంలో ఈయన నాయన ఈ జెండా పట్టుకునే తూటా తగిలి పోయినాడంట. ఆ తూటాదే ఆ బొక్క. కంప్లైంటు పోతే నీ పని ఖలాస్."

"విప్పితే గుడ్డ ఇంకా చిరుగుతుందన్నా. అప్పుడు నన్ను వదుల్తారా?"

సార్జెంటు వేలు జెండా మీద తడుముతూనే ఉంది. బొక్క ఉన్న చోటు దొరకడం లేదు. ఆ ముఖంలో ఉన్నది కోపం కాదని ఖలీల్‌కు అప్పుడు తెలిసింది.

ఆ వేలిని సరైన చోట ఆనించి, సూదిమొనతో మొదటి కుట్టు విప్పాడు.