వానలో జారని కారు

కారు చూడ్డానికి బయల్దేరుతూ డ్రైవింగ్ స్కూల్ మాస్టారు సంచిలో ఇనుప రాడ్ పెట్టుకున్నాడు. స్కూలు కారు స్టీరింగ్‌కి బిగించే తాళం రాడ్ అది, చేతికి బాగా అలవాటు. చొక్కా జేబులో బంపరు నుంచి విరిగిన నీలంరంగు ప్లాస్టిక్ ముక్క ఉంది. కూతురు పడి ఉన్నచోట, బురదలో దొరికింది.

వానలు మొదలైన కొత్తలో, కాలేజీ నుంచి సైకిల్ మీద వస్తున్న పిల్లని మలుపులో ఒక కారు గుద్ది చంపేసి పోయింది. నీలం కారనీ, ఈల వేసినట్టు చప్పుడు చేసుకుంటూ పోయిందనీ టీకొట్టు ముసలాయన చెప్పాడు. నంబరు మాత్రం చూడలేదట. నంబరు లేకపోతే మేమేం చేస్తామని పోలీసులు చేతులెత్తేశారు.

మొన్న పేపర్లో ప్రకటన కనబడింది. టర్బో ఇంజను, నాలుగు చక్రాలకీ పవర్, నీలం రంగు, కొత్తగా వేయించిన ముందు బంపరు. మాస్టారు వెంటనే ఫోన్ చేశాడు.

“త్వరగా రండి మాస్టారూ. మీకంటే ముందు ఇంకో పార్టీ వస్తున్నాడు. వాడికి నచ్చిందంటే మీకు దక్కదు మరి,” అన్నాడు ఓనరు. గొంతులో దర్జా ఒలికిపోతోంది.

అమ్మేవాళ్లంతా చెప్పే మాటే కదా అని మాస్టారు పట్టించుకోలేదు. ఇది ఆ కారు కాకపోతే నచ్చలేదని చెప్పి వచ్చేస్తాడు. ఆ కారే అయితే వాణ్ణి చంపేస్తాడు. అంతకుమించి ఆలోచించే ఓపిక అతనికి లేదు.

మధ్యాహ్నం అక్కడికి చేరేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. కారు రోడ్డు వైపు తిరిగి ఉంది, ఇంజను నడుస్తోంది. స్టీరింగ్ ముందు కూర్చున్న పొట్టి మనిషి మాస్టార్ని చూసి ఉలిక్కిపడ్డాడు. కుడిచేతికి రుమాలు చుట్టుకున్నాడు. రుమాలు మీద నెత్తురు మరక.

“డ్రైవింగ్ స్కూల్ మాస్టార్నండీ. ఫోన్ చేశాను, కారు కోసం.”

ఆ మనిషి తెరిచి ఉన్న గేటు వైపు చూశాడు. “ఎక్కండి,” అన్నాడు చివరికి.

“చేతికేమైంది?”

“జాకీ తగిలింది.”

ఫోన్లో పులి, ఎదురుగా పిల్లి అనుకున్నాడు మాస్టారు. కారు చుట్టూ తిరిగాడు. తలుపుని వేళ్లతో తట్టి చూస్తున్నట్టు నటిస్తూ జేబులో ముక్కని దానికి ఆనించాడు. రంగులో రంగు కలిసిపోయింది.

“డిక్కీ తెరవండి, ఎంత పెద్దదో చూస్తా.”

“తాళం పట్టేసిందండీ.”

“సరే. టర్బో సంగతి తేలాలంటే ఖాళీ రోడ్డుండాలి. పాత క్వారీ వైపు పోనివ్వండి.”

“నేనూ అటే అనుకున్నా,” అన్నాడు ఆ మనిషి.

మాస్టారి జీవితం సగం పక్క సీట్లోనే గడిచిపోయింది. నడిపేవాడి కాళ్లూ చేతులూ చూస్తే మనిషి లోపల ఏముందో పట్టేస్తానని అతని ధీమా. ఈ మనిషి ఇండికేటర్ వెయ్యబోయి వైపర్ వేశాడు. క్లచ్ అందక సీటు అంచుకి జారి తొక్కుతున్నాడు. భయపడ్డ లెర్నర్లందరూ చేసే పనులే అవి. తప్పు చేసినవాడికి చెమటలు పట్టక ఏమవుతాయి అనుకున్నాడు మాస్టారు.

ఊరు దాటాక ఆ మనిషి గట్టిగా తొక్కాడు. ఈల మొదలైంది. మాస్టారి వీపు సీటుకి అతుక్కుపోయింది. మలుపులో కారు రోడ్డుని కరుచుకుని తిరిగింది. ఒకప్పుడైతే ఇలాంటి కారు చూస్తే అతనికీ నోరూరేది. ఇప్పుడు ఆ ఈల వింటుంటే టీకొట్టు ముసలాయన మాటే గుర్తొచ్చింది. గతుకు వచ్చినప్పుడల్లా వెనక ఏదో దబ్బుమంటోంది.

“స్టెప్నీ సరిగ్గా బిగించలేదు,” అన్నాడు ఆ మనిషి, అడక్కుండానే.

“వానలో జారుతుందా?”

“జారదట. నాలుగు చక్రాలూ పట్టుకుంటాయట.”

మాస్టారు తెలుసుకోవాలనుకున్నది అదొక్కటే. జారే కారైతే, పొరపాటున జరిగిందేమోనని సరిపెట్టుకోడానికి కాస్త చోటుండేది. సంచిలో చెయ్యి పెట్టి రాడ్ పట్టుకున్నాడు.

క్వారీలో నరమానవుడు లేడు. ఇంజను ఆగగానే మాస్టారు కొట్టాడు. మొదటి దెబ్బకి భుజం ఎముక పటుక్కుమంది. చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చి మొహాన్ని బానెట్‌కేసి బాదాడు. పళ్లు రాలాయి. కొత్త బంపరు మీదుగా నెత్తురు కారింది. కిందపడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు, అలుపొచ్చేదాకా తన్నాడు. ఆ మనిషికి చెయ్యి అడ్డం పెట్టే సందు కూడా దొరకలేదు.

“నా కూతురు. ఒక్కతే నాకు. కారు ఆపావా? కనీసం దిగి చూశావా?”

“ఆపలేదు,” అన్నాడు ఆ మనిషి నెత్తురు ఉమ్ముతూ. “ఎక్కడా ఆపలేదు.”

మాస్టారు జేబులో ముక్క తీసి వాడి మొహాన కొట్టాడు. రెండు చేతులతో రాడ్ వాడి తల మీదికి ఎత్తాడు.

ఆ మనిషి కిందపడ్డ ముక్కని ఏరుకుని చూశాడు. వాడికి ఏడుపు తన్నుకొచ్చింది. రుమాలు కట్టిన చేత్తో తన జేబు తడుముకుని, ఇంకో నీలం ముక్క తీసి దాని పక్కన పెట్టాడు.

“ఇది మా ఆవిడ జుట్టులో చిక్కుకుని దొరికింది,” అన్నాడు.

మాస్టారికి ఏమీ అర్థం కాలేదు. రాడ్ గాల్లోనే ఆగిపోయింది. కదలకుండా ఉన్న కారు వెనక మళ్లీ దబ్బుమంది.

“కాస్త బలం దాచుకోండి మాస్టారూ,” అన్నాడు ఆ మనిషి తాళంచెవి అందిస్తూ, “మీకంటే ముందొచ్చిన పార్టీని నేనే, ఓనరు డిక్కీలో ఉన్నాడు.”