రగులుతున్న గెలాక్సీ

దేవికను చూడగానే ప్రొఫెసర్ రామభద్రరావుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ప్రపంచంలో ఇంకెక్కడా చోటు దొరకనట్టు, ఇక్కడా!

సికింద్రాబాద్‌లో, ప్యారడైజ్ దగ్గర మేడ మీది సాఫ్ట్‌వేర్ ఆఫీసు అది. వరండా నిండా వాక్-ఇన్ ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని హడలిపోయి, ప్రోగ్రాం రాయడం వచ్చినవాళ్లనల్లా కంపెనీలు ఎగరేసుకుపోతున్న రోజులు.

మొదటి కుర్చీలో ఉన్న దేవిక గురువుగారిని చూసి దిగ్గున లేచి నిలబడింది. “కూర్చోండి సార్” అంది, అలవాటు కొద్దీ. ఆయన కూర్చున్నాడు.

“నేనిక్కడున్నానని మీకెవరు చెప్పారు సార్?”

“ఎవరు చెబితే నీకెందుకు? సిగ్గు లేదూ! మన గెలాక్సీని ఎవరికి వదిలేసి వచ్చావు?”

నడుమ నక్షత్రాలే అడ్డకడ్డీలా పేర్చినట్టుండి, దాని రెండు కొసల నుంచీ చేతులు సుడి తిరిగినట్టుండే దూరపు నక్షత్ర మండలం అది. ఆరేళ్లుగా ఇద్దరూ దాని వెలుగు కొలుస్తున్నారు. ఈ నెలలోనే దాని కేంద్రం ఉన్నట్టుండి భగ్గుమంది. ఇప్పుడు కొలవకపోతే ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

“ఫెలోషిప్ అయిపోయింది సార్. ఎన్నాళ్లని ఇంట్లోవాళ్ల మీద పడి తినను?” దేవిక గొంతు కూడా లేచింది.

“ఆ వెలుగు బయల్దేరి కోట్ల ఏళ్లైంది. నువ్వొక్క ఏడాది ఆగలేవూ? అందరూ జీతాలకి ఎగబడితే ఆకాశం వైపు చూసేదెవరు? నా దగ్గర మిగిలింది నువ్వొక్కదానివి!”

సెక్యూరిటీ జకర్యా పరుగెత్తుకొచ్చాడు. “ఏంది సార్, గిట్ల లొల్లి? జెర మెల్లగ మాట్లాడుండ్రి. లోపల సార్లు పరేషాన్ అయితుండ్రు.”

“నువ్వుండవయ్యా!” అని కసిరాడాయన.

దేవిక కళ్లు తుడుచుకుని, సర్టిఫికెట్ల ఫైలు విసురుగా చంకన పెట్టుకుంది.

“సరే సార్, పోతున్నా. సాయంత్రానికల్లా టెలిస్కోపు దగ్గరుంటా. తర్వాత మీరు మాత్రం నన్ను నట్టేట్లో వదిలెయ్యకండి.”

“ముందు నువ్వు కదులు!” అన్నాడాయన, ఇంకా రుసరుసలాడుతూనే.

ఆమె మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్లిపోయింది.

లోపలి నుంచి “నెక్స్ట్!” అని కేక వినపడగానే, రామభద్రరావు జేబులోంచి టై తీసి మెడకు బిగించుకుంటూ ఇంటర్వ్యూ గదిలోకి నడిచాడు.