గయ్యాళి సందు

బోర్డు మీద "గయ్యాళి సందు" చెరిపేసి "శాంతి వీధి" అని రాయడానికి పెయింటరు నిచ్చెన వేశాడో లేదో, మొదటి ఇంటి మామ్మ గుమ్మం దిగి వచ్చింది.

"ఆ పేరు జోలికెళ్లావంటే నీ మర్యాద దక్కదు!"

"అది తిట్టు కదండీ, మామ్మగారూ?"

"తిట్టే. అదీ నన్నే. అప్పట్లో ఈ సందుకి అడ్డంగా గోడ కట్టడానికి ఓ మేస్త్రీ వచ్చాడు. మా ఇళ్లకి దారి పోతుందని ఒంటికాలి మీద లేచాను. దడుచుకుని పారిపోతూ ఆ పేరు పెట్టి, ఊరంతా టముకేశాడు."

"అలాంటివాడు పెట్టిన పేరు పోనివ్వండి మరి."

వసారాలో పేపరు చాటున నవ్వు దాచుకుంటున్న తాతగారి వైపు మామ్మ ఓరగా చూసింది.

"ఎలా పోనిస్తాను నాయనా? మర్చిపోయిన తాపీ కోసం మర్నాడొచ్చిన మనిషి, ఇంకా వెళ్లనేలేదు."