ఎడమ తలుపు సొట్ట

"ఆ కొస వదలకు. ఇంకా రెండు క్లిప్పులున్నాయి," అన్నాడు మేస్త్రీ.

పాత పికప్పు బండికి కొత్త రంగు వేసి వారమైంది. విప్పి దాచిన క్రోము పట్టీలను ఇప్పుడు మళ్లీ బిగిస్తున్నారు. తలుపు పొడవునా వచ్చే పట్టీ ఒక్క మనిషికి లొంగదు. ఒక కొస మేస్త్రీ నొక్కుతుంటే, రెండో కొస ఆయన భార్య పట్టుకుని నిలబడింది. రంగు మీద గీత పడకుండా అంచుల వెంట కాగితం టేపు అంటించింది కూడా ఆమే.

కుడి తలుపు పట్టీ టక్కుమని పడింది. అప్పుడే ఫోను మోగింది. ఆమె చాలాసేపు ఊకొట్టి, పెట్టేసి, మొగుడి వంక జాలిగా చూసింది.

"ఈ బండి వాళ్ల పెద్దావిడ. నాలుగింటికి ఆవిడా, పెద్దాయనా ఇద్దరూ వస్తున్నారట. ఎడమ తలుపు పట్టీ మీద సొట్ట ఉందిగా, దాన్ని మాత్రం ముట్టుకోవద్దంది."

మేస్త్రీ బల్ల వైపు తిరిగాడు. ఎడమ తలుపు పట్టీ అద్దంలా మెరుస్తోంది. సొట్ట ఉంటే కదా.

ఆయనకో జబ్బుంది. సొట్ట కంటబడితే చాలు, ఎవరూ అడగక్కర్లేదు. పట్టీని ఇసుక సంచి మీద బోర్లించి, వెనకనుంచి కొయ్యసుత్తితో తట్టి తట్టి సాపు చేసేస్తాడు. బండి తీసుకెళ్లేటప్పుడు కస్టమరు మొహం వెలిగిపోతే అదో తృప్తి.

"సాపు చేసేశానే," అన్నాడు నీరసంగా.

"తెలుసు. మొన్న అన్నం చల్లారిపోతోందని మూడుసార్లు పిలిచాను. దాని మీదే ఉన్నారు."

"ఇంతకీ సొట్టతో ఆవిడకేం పని?"

అది ఇరవై రెండేళ్ల నాటి తగవు. పెద్దావిడ బండి వెనక్కి తీస్తూ గేటు స్తంభానికి రాసేసిందని పెద్దాయన అంటాడు. కాదు, వదులైన పట్టీ బిగించబోయి, క్లిప్పు పడక, కోపంతో ఆయనే సుత్తితో ఒకటిచ్చాడని ఆవిడ అంటుంది. ఆ రోజు స్టీరింగు వదిలేసిన పెద్దావిడ మళ్లీ పట్టుకోలేదు. పని తెలిసినవాడెవడైనా సొట్ట చూసి, తన తప్పు లేదని తేల్చి చెబితే అప్పుడే నడుపుతుందట. లేకపోతే ఈ జన్మకింతే.

"పని తెలిసినవాడంటే?"

"మీరే."

మేస్త్రీ స్టూలు మీద కూలబడ్డాడు. బండి అప్పగించిన రోజు పెద్దాయన కోరింది ఒక్కటే. డ్రైవరు సీటు బిగుసుకుపోయింది, అది ముందుకు జరిగేలా చెయ్యమన్నాడు. ఆరడుగుల మనిషికి సీటు ముందుకు జరగడమెందుకో మేస్త్రీకి అంతుపట్టలేదు గానీ, చేసిపెట్టాడు. సొట్ట గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క అనలేదు.

"ఉన్నమాట చెప్పేయండి," అంది భార్య.

"సాక్ష్యాన్ని జడ్జీయే మింగేశాడని చెప్పనా? ముప్పై ఏళ్లలో ఒక్క కస్టమరుతోనూ పాడు చేశానని అనలేదు."

"పాడు చెయ్యలేదుగా, బాగు చేశారు."

"ఈ ఒక్క బండికీ రెండూ ఒకటే."

కాసేపు తల పట్టుకుని, లేచి ఇనపసుత్తి అందుకున్నాడు. "మళ్లీ పెట్టేస్తాను."

"ఎలాంటిది పెడతారు?"

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. స్తంభానికి రాసుకుంటే సొట్ట పొడుగ్గా పడుతుంది. సుత్తి దెబ్బయితే గుండ్రంగా పడుతుంది. ఏ తప్పు ఎవరిదో ఆ తేడాలోనే ఉంది. మేస్త్రీకేమో అది ఎలా ఉండేదో గుర్తు లేదు. ఆ వారం నాలుగు బళ్ల పట్టీలు ఆయన చేతిలో పడ్డాయి మరి.

"గుండ్రంగానే పెట్టండి," అంది భార్య.

"ఎందుకు?"

"ఫోన్లో ఆవిడ గొంతు మీరు వినలేదు. నేను విన్నాను."

"అంటే దొంగ తీర్పు చెప్పమంటావు."

"తీర్పు సంగతి తర్వాత. ముందు కొట్టండి, మూడయింది."

ముప్పై ఏళ్లు సొట్టలు తీసిన చేతికి సొట్ట పెట్టడం చేతకాలేదు. పాత పట్టీ ముక్క మీద కొట్టి చూస్తే, మొదటి దెబ్బకి అది చీలింది. రెండో దెబ్బకి గుర్తే పడలేదు. మూడోది అసలు పట్టీ మీద, కళ్లు మూసుకుని కొట్టాడు. గుండ్రంగానే పడింది. కొత్తగా కనబడకుండా భార్య నూనె, దుమ్ము కలిపి రుద్దింది. ఆఖరి క్లిప్పు పడేసరికి బయట ఆటో ఆగింది.

పెద్దావిడ పెద్దాయన భుజం కిందికి వస్తుంది. వచ్చీ రాగానే అడిగింది.

"చెప్పు బాబూ. ఎవరి తప్పు?"

అడిగిందే గానీ ఆవిడ సొట్ట వంక చూడనేలేదు. మొగుడి మొహమే చూస్తోంది.

"అదీ... అమ్మా..." అన్నాడు మేస్త్రీ.

పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. కళ్లజోడు పెట్టుకుని, వంగి, సొట్ట మీద బొటనవేలు రెండుసార్లు తిప్పాడు. తలెత్తి మేస్త్రీని ఒకసారి తేరిపార చూశాడు.

"మధ్యలో ఇతన్నెందుకు ఇబ్బంది పెట్టడం?" అన్నాడు భార్యతో. "నేనే కొట్టాను. క్లిప్పు పడలేదు, ఒళ్లు మండింది. నీ మీదకి తోసేశాను."

పెద్దావిడ కళ్లు తుడుచుకుంది.

"ఈ ముక్క అనడానికి ఇరవై రెండేళ్లు పట్టిందా మీకు? తాళం ఇటివ్వండి."

ఎక్కి కూర్చుని సీటు ముందుకు లాక్కుంది. అది సర్రున జరిగింది. బండి మెల్లగా షెడ్డు దాటి, గేటుకి జానెడు దూరంలోంచి రోడ్డెక్కింది.

"చూశారా, నేను చెప్పలేదూ?" అంది మేస్త్రీ భార్య. మేస్త్రీకి కొండంత బరువు దిగింది. దొంగ సొట్టయినా నిజం చెప్పే సొట్టే పెట్టాననుకున్నాడు.

బయట హారను మోగింది. పెద్దాయన రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కొచ్చి, మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు.

"అసలుది పొడుగ్గా ఉండేదయ్యా."