క్యారియర్ కొలత

ఎనభై రెండులో మంచి వానలు పడి అవుకు చెరువు నిండింది. ఆ వారమే ఓబుళరెడ్డి ఆళ్లగడ్డలో నా వెల్డింగ్ షాపు ముందు జీపు ఆపి, పైన క్యారియర్ కట్టమన్నాడు. చేపలు పట్టేందుకు పుట్టి పడవ కొన్నాడట.

జీపులోంచి వాళ్ల అన్న కూడా దిగాడు. పొలం తగాదాతో ఆరేళ్లుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు. రాజీ పడ్డారనుకుని సంతోషంగా టీ తెప్పించాను.

నేను రెండు రకాల క్యారియర్లు కట్టేవాణ్ని. ఒకటి గుండ్రటి రింగుది, ఇంకొకటి పొడుగ్గా, చదునుగా ఉండేది.

"రింగుదే మేలు రెడ్డీ. పుట్టి గుండ్రంగా ఉంటాది కదా, బోర్లిస్తే కదలకుండా కూచుంటాది," అన్నాను.

"పొడుగుదే కట్టప్పా. పొయ్యేటప్పుడు పుట్టి. వచ్చేటప్పుడు వేరేది తేవాల."

పొడుగెంత పెట్టాలని అడిగాను.

"అన్నా, ఇట్ల రా. ఈ ఇనుప బద్ద పక్కన నిలబడు."

ఆయన టీగ్లాసుతోనే నవ్వుతూ వచ్చాడు. "పుట్టికి నా కొలతెందుకురా? నన్ను మాత్రం లోతుకు తీసకపోవద్దు. నాకు ఈత రాదని తెలుసు కదా."

"తెలుసులేన్నా. కదలాకు."

ఆయన తలకు సమంగా బద్ద మీద సుద్దముక్కతో గీత పెట్టాను.

అన్న గ్లాసు ఇచ్చేందుకు టీ అంగడి వైపు నడిచాడు. ఓబుళరెడ్డి ఆ గీతను వేలితో తడిమాడు.

"ఇంకో జానెడు పొడుగు పెట్టప్పా. కాళ్లు బయటికి యాలాడితే చూసేవాళ్లకు బాగుండదు."