ధరల బోర్డు

అడవిలో జ్వరాలు ముదిరాయి. మందులమ్మే ముంగిస దోసెడు నేలవేము కషాయానికి పది ఉసిరికాయలు గుంజుతోందని విని రాజుగారైన ఏనుగుకి ఒళ్ళు మండింది. "ఇకనుంచి నేలవేము కషాయం ధర ఒక్క ఉసిరికాయే!" అని చెక్క బోర్డు రాయించి, అంగడి ముందు పాతించింది. అడవంతా జేజేలు పలికింది. అందరికంటే గట్టిగా అరిచింది ముంగిసే.

మర్నాడు లేడి ఉసిరికాయ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. కాస్త కషాయం పొయ్యి."

"నేలవేము కషాయం మానేశానమ్మా. ఇది అందులో తేనెచుక్క కలిపిన కొత్త మందు. పదిహేను కాయలు. బోర్డు మీద దీని పేరు లేదు, కావాలంటే చూసుకో."

లేడి ఏడుస్తూ ఏనుగు దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఏనుగు పొంగిపోయింది.

"చూశావా! నేలవేము ధర వీసమెత్తు కూడా పెరగలేదు కదా!"

"పెరగలేదు మహారాజా. ఆ బోర్డు ఒకసారి ఇప్పించండి."

"నీకెందుకు?"

"సానరాయి మీద అరగదీసి పిల్ల నాలుకకి రాస్తాను. మీ దయవల్ల మాకు ఒరిగింది ఆ చెక్కే కదా!"